భీమ్ వేషం అందరికీ కావాలి, సూరు వేషం ఎవరికి?



ఈ నెల గోడ పత్రికలో పాఠం రాసే వంతు నాకు వచ్చింది. వంతు వచ్చింది అనడం కన్నా నెత్తిన పడింది అంటే బాగుంటుంది. ఎందుకో చెప్తాను.

కొమురం భీమ్ వర్ధంతి ప్రతి ఏడు ఆశ్వయుజ పౌర్ణమికి చేస్తారు గదా. ఈసారి ఆ రోజు నాటకం వేద్దామని తెలుగు సారు అన్నారు. వేషాలు ఎవరెవరికి కావాలో చేతులెత్తమన్నారు. 14 మంది చేతులెత్తాం. 14 మందికీ భీమ్ వేషమే కావాలి! సారు నవ్వి, "మరి సూరు ఎవరు వేస్తరు?" అని అడిగారు. ఒక్క చెయ్యి లేవలేదు. వెనక బెంచీ నుంచి ఎవరో "సూరు ఎవరు సార్?" అన్నారు. అందరం పకపకా నవ్వాం.

దాచడం ఎందుకు, ఆ అడిగింది నేనే. సారు నవ్వలేదు. "తెలుసుకొని రాయి, గోడ మీద పెడదాం" అన్నారు. లైబ్రరీ బీరువా అడుగున ఉన్న పాత కామిక్సు పుస్తకాల కట్ట కూడా చేతికిచ్చి, "వీటిలో కూడా సూరులు ఉంటారు, వెతుకు" అన్నారు. ఆ పుస్తకాలు చదివి, తెలియనివి సార్లను అడిగి, సెలవుల్లో మా తాతను అడిగి ఈ పాఠం రాశాను. తప్పులుంటే చెప్పండి.

1. తోడుగాడు ఎందుకు పుట్టాడు?

కామిక్సు కథల్లో హీరో పక్కన తిరిగేవాణ్ణి ఇంగ్లీషులో సైడ్‌కిక్ అంటారు. కిక్ అంటే తన్నడం అనుకునేరు, ఇక్కడ తన్నడం ఏమీ లేదు. పక్కన ఉండేవాడు, జతగాడు, తోడుగాడు అని అర్థం.

అందరికన్నా పేరున్న తోడుగాడు రాబిన్. అమెరికాలో బ్యాట్‌మ్యాన్ బొమ్మల కథ 1939లో మొదలైంది. ఆ తర్వాతి ఏడు, 1940లో, రాబిన్ వచ్చాడు. అతని అసలు పేరు డిక్ గ్రేసన్. సర్కసులో తాళ్ల మీద ఊగే ఆట ఆడే ఇంటి పిల్లవాడు. తల్లిదండ్రులను దుర్మార్గులు చంపితే బ్యాట్‌మ్యాన్ చేరదీస్తాడు.

రాబిన్ అవసరం ఎందుకొచ్చింది? బ్యాట్‌మ్యాన్ ఒంటరివాడు. రాత్రిపూట ఒక్కడే తిరుగుతాడు. తన మనసులో ఉన్నది ఎవరితో చెప్తాడు? పక్కన ఒకరుంటే మాట్లాడుతాడు, ఆ మాటలు మనం చదువుతాం. ఇంకొకటి, చదివే పిల్లలకు "నేను కూడా ఆ పక్కన నిలబడితే" అనిపించాలి. పెద్ద హీరోలో పిల్లవాడు తనను చూసుకోలేడు, రాబిన్‌లో చూసుకుంటాడు.

ఈ సంగతి మనకు కొత్త కాదు. బుర్రకథ చూసే ఉంటారు. నడుమ తంబుర పట్టుకొని కథకుడు, అటొకరు ఇటొకరు వంతలు. ఒక వంత నవ్విస్తాడు, ఒక వంత లోకం సంగతులు మాట్లాడుతాడు. మనకు వచ్చే అనుమానాలన్నీ ముందు వాళ్లే అడుగుతారు. వంతలు ఊరుకుంటే కథకుడు ఎంత గొప్పవాడైనా కథ ముందుకు పోదు. సూరు ఎవరని అడిగి నేనూ ఆ రోజు వంత పనే చేశాను అనుకుంటున్నా.

2. పేరు చేతులు మారుతుంది

ఇప్పుడు అసలు చిత్రం వినండి. రాబిన్ అనేది ఒక మనిషి కాదు, ఒక పేరు. డిక్ గ్రేసన్ పెద్దవాడయ్యాడు. ఎన్నాళ్లని ఒకరి పక్కన నిలబడతాడు? 1984లో నైట్‌వింగ్ అనే సొంత పేరు పెట్టుకున్నాడు. రాబిన్ బట్టలు జేసన్ టాడ్ అనే ఇంకో పిల్లవాడు వేసుకున్నాడు.

జేసన్ చాలామంది పాఠకులకు నచ్చలేదు. 1988లో ఆ కంపెనీ వాళ్లు ఒక పని చేశారు. కథలో జేసన్ ఉన్న ఇల్లు పేలిపోతుంది. అతను బతకాలా, చావాలా? రెండు ఫోన్ నంబర్లు ఇచ్చి పాఠకులనే ఓటు వేయమన్నారు. చావాలని 5,343 ఓట్లు, బతకాలని 5,271 ఓట్లు వచ్చాయి. 72 ఓట్ల తేడాతో పిల్లవాడు చచ్చిపోయాడు. హీరోను చంపాలా వద్దా అని అడిగారా? లేదు. పక్కవాడినే అడిగారు. ఈ 72 ఓట్ల సంగతి గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది. మరుసటి ఏడు, 1989లో, టిమ్ డ్రేక్ అనే మూడో పిల్లవాడు కథలోకి వచ్చాడు. తర్వాత రాబిన్ అతనే అయ్యాడు.

పేరు చేతులు మారే కథల్లో ఇంకా పాతది ఫాంటమ్. లీ ఫాక్ అనే ఆయన 1936లో మొదలుపెట్టారు. మన దేశంలో 1964 నుంచి ఇంద్రజాల్ కామిక్స్ వాళ్లు ఈ కథలు అచ్చు వేశారు. మా కట్టలో ఎక్కువ ఇవే ఉన్నాయి. ఫాంటమ్‌కు చావు లేదని అడవిలో అందరూ నమ్ముతారు. నిజమేమిటంటే తండ్రి చనిపోగానే కొడుకు అదే ముసుగు, అదే ఉంగరం వేసుకుంటాడు. కథలో మనం చూసేది 21వ ఫాంటమ్. కథ ప్రకారం మొదటివాడు 1536లో ప్రమాణం చేశాడు. అంటే 400 ఏళ్ల ముసుగు.

ఈ కథలు నేను వరుసగా 9 చదివాను. బాగున్నాయి, అబద్ధం చెప్పను. కానీ పదో పుస్తకం దగ్గర ఒక అనుమానం వచ్చింది. ఫాంటమ్‌కు చిన్ననాటి నుంచి స్నేహితుడు ఒకడున్నాడు, పేరు గురాన్. బందార్ అనే అడవి జాతికి నాయకుడు. అడవి దారులన్నీ ఆ జాతి వాళ్లకే తెలుసు. విషపు బాణాలు వాళ్లవే. ఫాంటమ్ గుహకు కాపలా కూడా వాళ్లే. 21 తరాలుగా పక్కనే ఉన్నారు. మరి ఒక్కసారైనా ముసుగు గురాన్ చేతికి ఎందుకు రాలేదు? సముద్రం దాటి వచ్చిన తెల్లవాడి ఇంట్లోనే అది తిరుగుతోంది. అడవి మాది, దారి మాది, బాణం మాది, హీరో మాత్రం వేరే ఇంటివాడు! ఇది రాసినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. వాళ్లకు ఆ అనుమానం రాలేదు. మనకు వస్తుంది, ఎందుకంటే మనం గురాన్ వైపు నుంచి చదువుతాం.

కొన్ని కథలు తర్వాత మారాయి. కెప్టెన్ అమెరికా పక్కన ఫాల్కన్ అనే నల్లజాతి వీరుడు 1969లో వచ్చాడు. అతని పేరు సామ్ విల్సన్. 2014లో కామిక్సులో కెప్టెన్ అమెరికా డాలు అతని చేతికిచ్చారు. పక్కన నిలబడినవాడు నడిమికి రావడానికి 45 ఏళ్లు పట్టింది. సినిమాలో కూడా డాలు అతనికే వచ్చింది, 2025లో అతనే కెప్టెన్‌గా సినిమా వచ్చింది.

3. మన గద్దెల దగ్గర లెక్క వేరు

ఇప్పుడు అమెరికా వదిలి మన అడవికి వద్దాం.

2026 జనవరిలో మేడారం జాతరకు మనలో చాలామందిమి పోయాం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి నాలుగు రోజులు జరిగే ఈ జాతర వరస ఒకసారి గుర్తు చేసుకోండి. బుధవారం ఎవరొస్తారు? కన్నెపల్లి నుంచి సారలమ్మ. అదే రోజు పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు. గురువారం చిలకలగుట్ట దిగి సమ్మక్క వస్తుంది. జిల్లా పోలీసు పెద్ద గాలిలోకి తుపాకి పేల్చి ఆమెకు స్వాగతం చెప్తారు. అంటే మన దగ్గర బిడ్డ ముందు, తల్లి తర్వాత. తోడు వచ్చినవాళ్లు ముందు కూర్చుంటారు, పెద్దామె తర్వాత వస్తుంది.

మనవాళ్లు చెప్పే కథ మీకు తెలిసిందే. కరువొచ్చి కప్పం కట్టలేమంటే కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం మీదికి వచ్చింది. భర్త పగిడిద్దరాజు, బిడ్డలు సారలమ్మ, నాగులమ్మ, కొడుకు జంపన్న, అల్లుడు గోవిందరాజు అందరూ పోరాడారు. దెబ్బలు తిన్న జంపన్న సంపెంగ వాగులో పడ్డాడు. ఆ వాగు ఇప్పుడు జంపన్న వాగు.

జాతరలో మా నాయనమ్మ నన్ను వాగులో ముంచి, "ముందు కొడుకుకు మొక్కు. కొడుకును అడగకుండ తల్లి దగ్గరికి పోతరా?" అని అన్నది. అప్పుడు చలికి వణుకుతూ విన్నాను. ఇప్పుడు రాస్తుంటే అర్థమవుతోంది. జంపన్నను పక్కవాడు అని ఎవరూ అనరు. సమ్మక్క కథ చెప్పేటప్పుడు ఆయన్ను వదలరు. ఎవరి గద్దె వాళ్లకుంది, ఎవరి ఊరు వాళ్లకుంది, ఎవరి రోజు వాళ్లకుంది.

మరి వారసత్వం సంగతి? అది కూడా ఉంది. కన్నెపల్లిలో సారలమ్మను తెచ్చేది కాక ఇంటివాళ్లు. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును కాలినడకన అడవి దాటించి తెచ్చేది పెనక ఇంటివాళ్లు. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత కొడుకు. కానీ ఫాంటమ్‌కు, వీళ్లకు ఒక పెద్ద తేడా ఉంది. వడ్డె ఎప్పుడూ "నేనే సమ్మక్కను" అనడు. ఆమెను మోసుకొస్తాడు, గద్దె మీద పెడతాడు, జాతర అయ్యాక మళ్లీ వనంలో దింపి ఇంటికి పోతాడు. మర్నాడు చేను పనికి పోతాడు. ఫాంటమ్ కొడుకుకు వచ్చింది ముసుగు, వడ్డె కొడుకుకు వచ్చింది మోత. నాకైతే మోతే పెద్దదనిపించింది.

మన హాస్టల్లో నాయకపోడు అన్నలున్నారు. వాళ్ల లక్ష్మీదేవర పండుగలో చెక్కతో చేసిన దేవుళ్ల ముఖాలు, పాండవుల ముఖాలు ఎత్తుకొని ఆడతారు. అది కూడా ముసుగే. ఎత్తుకునేవాళ్లు మారతారు, ఆడినంతసేపూ దేవర అనే మొక్కుతారు. దించాక మనిషి మళ్లీ మనిషే. ఈ సంగతి నాకన్నా వాళ్లే బాగా రాస్తారు. వచ్చే నెల పాఠం వాళ్లు రాయాలని కోరుతున్నా.

4. భీమ్ పక్కన సూరు, రామరాజు పక్కన గాం సోదరులు

ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు. కొమురం సూరు భీమ్‌కు కుడిభుజం లాంటి సహచరుడు. ఆసిఫాబాద్ అడవిలో 12 గూడేల గోండులు, కోలాములు భూమి కోసం, అడవి కోసం నిజాం సర్కారు మీద లేచినప్పుడు భీమ్ వెంట నడిచినవాడు. 1940లో జోడేఘాట్‌లో భీమ్ అమరుడయ్యాడు.

భీమ్ కూడా పుట్టగానే హీరో కాదు. పొలం తగాదా తర్వాత ఊరు విడిచి చందా పట్నం పోయి, విఠోబా అనే ఆయన అచ్చాఫీసులో పని చేస్తూ చదువు నేర్చుకున్నాడని చెప్తారు. ఆ తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలి చేశాడట. అంటే ఆయన కూడా కొన్నాళ్లు ఒకరి పక్కన నిలబడి నేర్చుకున్నవాడే.

జోడేఘాట్ తర్వాత ఏమైంది? గోండుల బాధలేమిటో తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచరు శిక్షణ మొదలైంది. మన ఆశ్రమ బడులకు ముందు నడిచిన బడి అది. ఒకరు తుపాకి పట్టిన పోరు, ఇంకొకరి చేతికి సుద్దముక్కగా వచ్చింది. దీన్ని కూడా వారసత్వం అనొచ్చు గదా?

అల్లూరి సీతారామరాజు సంగతి చూడండి. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మన్యం తిరుగుబాటు మొదలైంది, 1924 మేలో రామరాజు అమరుడయ్యారు. ఆయన పక్కన గాం గంటం దొర, గాం మల్లు దొర అనే అన్నదమ్ములున్నారు. గంటం దొర బట్టిపనుకుల మునసబు, తెల్లదొరల తాబేదార్లు ఆయన ఉద్యోగం ఊడబెరికారు. 1924లోనే పోరులో ప్రాణమిచ్చారు. మల్లు దొర పట్టుబడి శిక్ష అనుభవించి బతికి బయటికొచ్చారు. 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. అడవిలో బాణం పట్టిన మనిషి ఢిల్లీలో కూర్చున్నారు! ఈ సంగతి సారు చెప్పేదాకా నాకు తెలియదు. మీలో ఎంతమందికి తెలుసు?

2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమా మనం టీవీలో మూడుసార్లు చూశాం. అందులో రామరాజు, భీమ్ స్నేహితులు. అది కల్పన. భీమ్ పోరు నాటికి రామరాజు పోయి చాలా ఏళ్లైంది. ఇద్దరు హీరోలను కలిపితే సినిమా బాగా ఆడింది, నేనూ ఈలలు వేశాను. కానీ నిజంగా పక్కన నిలబడిన సూరు, గంటం దొర, మల్లు దొర పేర్లు మనలో ఎవరి నోటా లేవు.

5. ఇంకొక తోడుగాడు

పోరులో తోడున్నవాడు ఒకరు. పోరు అయిపోయాక కథ చెప్పేవాడు ఇంకొకరు. ఈ రెండో తోడు లేకపోతే మొదటివాళ్లు ఎవరికీ తెలియరు.

మన కోయల్లో ఈ పని డోలి వాళ్లది. పడిగె బట్ట విప్పి, దాని మీది బొమ్మలు చూపిస్తూ ఏ గట్టు ఎక్కడ పుట్టింది, ఏ వేల్పు ఎవరిది అని పాడతారు. ఆలోచిస్తే అది మన కామిక్సు పుస్తకమే, కాగితం బదులు గుడ్డ. మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారు సమ్మక్క సారలమ్మ కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కన్నుమూశారు.

మా తాత చిన్నప్పుడు డోలి వాళ్ల వెంట తిరిగేవాడట. దసరా సెలవుల్లో నోటుబుక్కు పట్టుకొని కూర్చొని, "తాతా, మన గట్టు కథ మొత్తం చెప్పు, రాసుకుంట" అన్నాను. తాత మొదలుపెట్టాడు. కోయలో ఒక ముక్క, తెలుగులో ఒక ముక్క. నాలుగు పేజీలు రాశాను. తర్వాత ఆగిపోయాడు. చాలాసేపు చుట్ట చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "నాకు సగమే యాది ఉన్నది బిడ్డా. మిగతా సగం మా అన్నకు ఎరుక" అన్నాడు. ఆ పెద్దతాత పోయి మూడేళ్లైంది. ఆయన ఉన్నప్పుడు నేను ప్రతి పండుగకు ఇంటికి పోయాను, పక్కనే కూర్చొని ఫోన్లో ఆట ఆడుకున్నాను. ఒక్కసారి కూడా అడగలేదు.

ఐదో పేజీ ఖాళీగానే ఉంది. దాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు. చింపలేదు.

ఇప్పుడు ఆ 72 ఓట్లు గుర్తు చేసుకోండి. ఆ పిల్లలు ఫోన్ చేసి మరీ జేసన్‌ను చంపారు. మనం అసలు ఫోన్ చేయము, అడగము. పెద్దతాతకు తెలిసిన సగం పోవడానికి నేను వేసిన ఓటు అదే. బొమ్మల కథలో చచ్చిన జేసన్‌ను కొన్నేళ్లకు రచయితలు మళ్లీ బతికించారు. మా సగం కథను బతికించే రచయిత ఎవరున్నారు?

6. ఈ పాఠం చదివినవాళ్లకు పని

చదివి ఊరుకుంటే పాఠం కాదని సారు అంటారు. అందుకని మూడు పనులు ఇస్తున్నాను.

ఒకటి. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "అన్నం తిన్నవా" అయిపోయాక ఇంకొక ప్రశ్న అడగండి. మీ ఊరి పెద్దల కథల్లో ఒకరి పక్కన నిలబడినవాళ్లు ఎవరు? ఆ పేరు రాసుకోండి. కోయ, లంబాడ, నాయకపోడు, ఎవరి భాషలో వాళ్లు రాయండి.

రెండు. ఏ కథ చదివినా, ఏ సినిమా చూసినా ఒకసారి పక్కవాడి వైపు నుంచి ఆలోచించండి. దారి ఎవరిది, బాణం ఎవరిది, పేరు ఎవరికి వచ్చింది?

మూడు. మీ దగ్గర ఉన్న పేర్లు ఈ గోడ పత్రిక కింద కట్టిన డబ్బాలో వేయండి. వార్డెన్ సారును అడిగాను, ఒక పెద్ద నోటుబుక్కు ఇస్తామన్నారు. అన్నీ అందులో ఎక్కిద్దాం. పదో తరగతి వాళ్లు వెళ్లేటప్పుడు తొమ్మిదో తరగతి వాళ్ల చేతికి ఆ పుస్తకం ఇచ్చి పోవాలి. మన దగ్గర ముసుగు లేదు, ఉంగరం లేదు. చేతులు మారడానికి ఇదొకటి ఉంటుంది.

చివరగా నాటకం సంగతి. భీమ్ వేషానికి చీటీలు వేశాం, ఎనిమిదో తరగతి తమ్ముడికి వచ్చింది. బాగా చేస్తున్నాడు, గొంతు ఉంది. సూరు వేషం నేను అడిగి తీసుకున్నాను. నాకు మొత్తం 11 మాటలే ఉన్నాయి. భీమ్ పడిపోయాక చివరి మాట మాత్రం నాదే. అది సారు రాయలేదు, నన్నే రాసుకొమ్మన్నారు. ఇంకా రాయలేదు. పౌర్ణమి నాటికి రాస్తాను, వచ్చి వినండి.

— మీ పదో తరగతి అన్న, వెనక బెంచీ